రెండు ఖాళీ గళ్లు

ఒసాకాలోని ఆ ప్రయోగశాలలో ఇబుకి త్సుయాకో చేతి కింద ఇరవై ఆరేళ్లలో ఒక్క గిన్నెడు కణాలు కూడా ఆకలితో చావలేదు. రోజూ ఉదయం గాజుగిన్నెల్లో పాత ద్రవం తీసి కొత్త పోషకద్రవం పోయడం, పోసినట్టు పట్టికలో ఆ రోజు గడిలో తన పేరు చెక్కిన ఎర్రముద్ర వెయ్యడం ఆమె పని. డిగ్రీ లేదు గానీ, ఆ ముద్ర పడిందంటే డాక్టరేట్లున్నవాళ్లు కూడా మారుమాట్లాడేవారు కాదు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. కాస్త ఎక్కువే తెలుసు.

పదకొండు నెలలుగా ఒక చిక్కుముడి మాత్రం వీడలేదు. మనిషి కణాల్లోకి పరాన్నజీవిని ఎక్కించి, జబ్బుని పసిగట్టినప్పుడు ఒంట్లో పుట్టే ఇంటర్‌ఫెరాన్ కలిపితే ఆ జీవి అణగాలి. అణగడం లేదు. నెలాఖరుకి ఆ పని మూసేద్దామన్నాడు ప్రొఫెసర్ కుసునోకి.

అంతలో త్సుయాకో, చనిపోయిన తండ్రికి నలభైతొమ్మిదో రోజు చేసే కర్మకని సొంతూరు తొయామా వెళ్లింది. మంచుకి రైళ్లు ఆగి రెండు రోజులు అక్కడే చిక్కుకుపోయింది. ఆమె తప్ప ఆ గిన్నెలు ఎవరూ ముట్టకూడదన్న నియమం ఆమె పెట్టిందే. తిరిగొచ్చి మైక్రోస్కోపులో చూస్తే, ఇంటర్‌ఫెరాన్ వేసిన గిన్నెల్లో పరాన్నజీవులు ఎక్కడివక్కడ ఆగిపోయి ఉన్నాయి. కణాలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి.

పక్క బల్ల నాగిసా గుసగుసలాడింది. “అక్కా, ఆ రెండు గళ్లలోనూ ముద్ర కొట్టెయ్. ఎవరు చూడొచ్చారు? పనీ నిలుస్తుంది, నీ పేరూ నిలుస్తుంది.”

త్సుయాకో ముద్ర చేతిలోకి తీసుకుంది. ఇరవై ఆరేళ్ల పేరు అది. కాసేపు పట్టుకుని, మళ్లీ పెట్టెలో పెట్టేసింది.

అందరి ముందూ పట్టికని ప్రొఫెసర్ వైపు జరిపినప్పుడు ఆమె మొహం సిగ్గుతో కందిపోయింది.

“రెండ్రోజులు నేను తిండి పెట్టలేదు సార్. పెట్టకపోతేనే అది ఆగింది. అంటే ఇన్నాళ్లూ దానికి వడ్డించింది నేనే.”

ఆయన ఆ ఖాళీ గళ్లని చూశాడు. “ద్రవంలో ఏమేం ఉన్నాయి, ఇబుకి గారూ?”

ఆమెకి అవన్నీ కంఠతా వచ్చు. ఆకలిగా ఉన్న గిన్నెల్లో ఒక్కొక్క పోషకమే వేస్తూ పోయింది. దేనికీ లేవని జీవి ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం వెయ్యగానే లేచి కూర్చుంది. ఇంటర్‌ఫెరాన్ తగలగానే కణాలు తమ ట్రిప్టోఫాన్‌ని తామే విరిచేసుకుని, దాన్ని సొంతంగా చేసుకోలేని శత్రువుని పస్తు పెడుతున్నాయి. త్సుయాకో మాత్రం రోజూ వేళ తప్పకుండా దాని కడుపు నింపింది.

ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకి ప్రొఫెసర్ ఆ పట్టిక చూపిస్తాడు. ఎర్రముద్రల వరసలన్నీ దాటుకుంటూ వెళ్లి, ఆ రెండు ఖాళీ గళ్ల మీద వేలు పెడతాడు. త్సుయాకో అటు తిరిగి గిన్నెలు కడుగుతున్నట్టు నటిస్తుంది. కుళాయి మాత్రం కట్టేసి ఉంటుంది, ఆయన చెప్పేదాంట్లో ఒక్క మాట కూడా పోకుండా.