శ్రీ ముందు హాష్

ఇందుజ పచ్చి మోసగత్తె. ఈ మాట ముందే చెప్పేస్తే నా కడుపుమంట కొంత తగ్గుతుంది.

2008లో ఏలూరులోని ఒక కంప్యూటర్ సెంటర్లో ఇద్దరం ఒకే సిస్టం ముందు కూర్చునేవాళ్ళం. మా అమ్మ కట్టిచ్చిన చేపల పులుసులో సగం ఎప్పుడూ దానిదే. ఒకరోజు నిత్యానందం సార్ బోర్డు మీద లెక్క వేశారు. ఏ సంఖ్య ఇచ్చినా దాని అంకెలన్నీ కూడాలి, ఒక్క అంకె మిగిలేదాకా కూడుతూనే ఉండాలి. 4728 ఇస్తే 21, ఆ 21 కాస్తా 3. పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ముందుగా చేసినవాళ్ళకి ఆ సెంటర్లోనే ల్యాబ్ అసిస్టెంట్ ఉద్యోగం. అది రాకపోతే మా ఊరు ముదినేపల్లిలో ఇక బస్సెక్కనివ్వనని నాన్న తేల్చి చెప్పేశాడు.

సాయంత్రానికి చేసేశాను. పదితో భాగిస్తే మిగిలేది చివరి అంకె. దాన్ని కూడి, సంఖ్యలోంచి తీసేసి, మళ్ళీ అదే పని. పరీక్ష పేపరు మీద పెట్టుకునే అలవాటు కదా, పైన సిలువ గుర్తుగా ప్లస్ కొట్టాను. పైథాన్ ఒప్పుకోలేదు. దాని ముందు హాష్ గుర్తు (#) పెట్టాను. హాష్ ఉన్న లైనును మిషన్ చదవకుండా వదిలేస్తుంది. సార్ ఇంకా రాలేదు, నాకేమో బస్సు టైమైపోతోంది.

"ఇందూ, సార్ రాగానే నా పేరు చెప్పి చూపించవే."

"నువ్వెళ్ళవే బ్లెస్సీ, నేను లేనూ?"

ఉంది మహాతల్లి! పొద్దున్న వెళ్ళేసరికి బోర్డు మీద దాని పేరుంది. సార్ అందర్నీ పిలిచి ప్రోగ్రాం నడిపించారు. మిషన్ ఎర్రక్షరాల్లో తప్పు చూపించింది. శ్రీ అంటే ఏమిటో దానికి తెలియదట! నా సిలువ లైను మొత్తం చెరిపేసి, వాళ్ళింటి అలవాటుకొద్దీ పైన శ్రీ రాసింది ఇందుజ. హాష్ పెట్టడం మరిచిపోయింది. కింద ప్రతి అక్షరమూ నాదే.

"ఏమ్మా, నిన్న నడిచిందన్నావు?" అన్నారు సార్.

"నడిచిందండీ..." అంటూ నా వైపు చూసింది.

"శ్రీ రాయడం గుర్తుందేం ఇందూ, నా పేరు చెప్పడం గుర్తులేదా?" అన్నాను.

సార్ హాష్ పెట్టారు. 3 వచ్చింది. "పదితో ఎందుకు భాగించావమ్మా?" అని దాన్నడిగారు. అది మళ్ళీ నా వైపే చూసింది. నేను మొహం తిప్పుకున్నాను. సార్ బోర్డు తుడిచి నా పేరు రాశారు.

ఉద్యోగం వచ్చిందని చెబితే నాన్న మురిసిపోయాడు. అమ్మ క్యారేజీ మూత తీసి చూసింది.

"సగం అలాగే ఉందేమే? ఇందు రాలేదా?"

అప్పుడు ఏడ్చాను.