వరస కలిపిన ఇన్‌స్పెక్టరు

బొగ్గుల కొట్టు తలుపును భుజంతో గుద్దీ గుద్దీ ఇన్‌స్పెక్టర్ జెరె రొప్పుతుంటే, లోపలినుంచి సన్నని గొంతు వినిపించింది.

"ముందు గొళ్ళెం తియ్యండి, అంకుల్. తర్వాత బయటికి లాగండి."

లోపలున్న పిల్ల, చిలేషె, క్షేమంగా ఉంది. రక్షించినవాడికే భుజం వాచింది. బావ లారీ తన పేర రాయించుకోవాలని మేనకోడలిని ఎత్తుకొచ్చి దాచిన ఆమె మేనమామ కబాసో, కొట్టు వెనకే దొరికాడు. పోలీసులకు కాదు, కిత్వే ఊరి జనానికి. మెడలో వేసి తగలబెట్టడానికి అప్పటికే టైరు వచ్చింది, పెట్రోలూ వచ్చింది. జెరె తుపాకీ మాత్రం జీపులోనే ఉండిపోయింది.

మిగిలింది నోరే. అతనిది న్గోనీ తెగ, జనమంతా బెంబా తెగవాళ్ళు. ఒకప్పుడు ఆ రెండు తెగల తాతలు యుద్ధాల్లో కొట్టుకున్నారు గనుక, అక్కడి ఆచారం ప్రకారం మనవలది ఎగతాళి చేసుకునే బావామరదళ్ళ వరస. ఎంత మాటన్నా కోపం తెచ్చుకోకూడదు.

"ఆగండర్రా, కోతులు తినేవాళ్ళారా! మీరంతా మా తాతల దాసులు. నా దాసుణ్ణి నన్నడక్కుండా కాలుస్తారా?"

టైరు పట్టుకున్న ముసలాయన ఆగాడు. బదులివ్వకపోతే బెంబాల పరువేం కాను?

"ఎలకలు తినే నోటికి పొగరు చూడండి! మీ తాత పారిపోతూ గోచీ వదిలేశాడురా!"

"అది కట్టుకునేగా మీ తాత పెళ్ళి చేసుకున్నాడు!"

జనం విరగబడి నవ్వారు. ముసలాయన టైరు మీదే కూలబడి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ సందు చూసుకుని జెరె కబాసోకు బేడీలు వేశాడు. చట్టాన్ని గోచీతో కాపాడిన మొదటి అధికారి తనేనేమో అనుకున్నాడు.

చిలేషె తల్లి అడ్డంగా నిలబడింది. "నేను నవ్వలేదు, బావా."

జెరె కబాసోను తన వెనక్కి లాక్కున్నాడు.

"వాడు నా తమ్ముడు. రేపు మా అమ్మొచ్చి ఏడుస్తుంది, మా ఆయన మెత్తబడతాడు, నువ్వు ఇంటిగొడవని వదిలేస్తావు. చంపనివ్వలేదు, సరే. మరి నా బిడ్డకు న్యాయం?"

"కోర్టుంది, మరదలా." ఆ మాట స్టేషను గోడమీది నినాదంలా వినిపించింది, అతనికే.

"వరస కలిపావుగా. వరసైనవాళ్ళు చెయ్యి చాపితే లేదనకూడదు. బేడీల తాళంచెవి ఇయ్యి."

అది సర్కారు సొమ్ము. కానీ జనమంతా చూస్తున్నారు. జెరె ఇచ్చేశాడు. ఆమె దాన్ని నడుముకు చుట్టిన గుడ్డ కొసకు ముడేసుకుంది.

"జడ్జి ముందు విప్పుతా," అని, కూతుర్ని తీసుకుని జీపెక్కింది.

దారిలో కబాసో మెల్లగా అడిగాడు. "మరి స్నానమెలా, సార్?"

"మీ అక్కనడుగు," అన్నాడు జెరె.

కబాసో అక్క వైపు చూశాడు. అడగలేదు.