బల్ల కింద గజంబద్ద

నేను ఒక గజంబద్దను. మీటరు కర్రను కాను. ముందే చెబుతున్నాను, ఆ పోలిక నాకు పడదు. ముప్పై ఆరు అంగుళాల టేకుచెక్క, రెండు కొసలకీ ఇత్తడి తొడుగులు, ఒంటి మీద గజాన్ని పదహారు భాగాలు చేసే గీతలు. ఇదీ నేను. విశాఖపట్నం పాత ఊళ్ళో, మెయిన్ రోడ్డు మీద, పొట్నూరి సన్యాసిశెట్టిగారి బట్టల కొట్టు నా పుట్టిల్లు.

పుట్టిల్లు అంటే మాటవరసకి అన్నది కాదు. కొట్టు కట్టేటప్పుడు రంగూన్ నుంచి ఓడలో టేకు దూలం ఒకటి తెప్పించారు. దాన్ని కోసి గడప వేశారు. మిగిలిన ముక్కని వడ్రంగి పొయ్యిలోకి పట్టుకుపోబోతుంటే శెట్టిగారు చెయ్యి పట్టుకుని ఆపారు. "అంత మంచి చెక్క పొయ్యిలోకా! బద్ద చెయ్యి" అన్నారు. అలా గడపా నేనూ ఒక్క దూలంలోంచి వచ్చాం. అందుకేనేమో, గడప మీద ఎవరు కాలు పెట్టినా నాకు తెలిసిపోతుంది. చెప్పుల కాలో, ఉత్త కాలో, పెళ్ళికూతురి పారాణి కాలో, చూడకుండానే చెప్పగలను.

ఆ రోజుల్లో నా దర్జా మీరు చూడాల్సింది. పరుపు మీద తెల్లదుప్పటి, దాని మీద పట్టుబట్టల తానులు, వాటి మీద నేను. ఊళ్ళో ఏ ఇంట పెళ్ళి కుదిరినా ముందు నా దగ్గరికే వచ్చేవారు. లేచేటప్పుడు "వెళ్ళొస్తామండీ" అనేవారు. "మళ్ళీ రండి" అనేవారు శెట్టిగారు. రోజుకి వందసార్లు వినేదాన్ని ఆ రెండు మాటలూ. వీధిలో ఏ కొట్టుకి వెళ్ళినా అవే మాటలు. ఆ వీధి బతికింది వాటి మీదే అంటాను నేను.

ఒక్కసారి మాత్రం ఆ మాటలు ఆగిపోయాయి. రేవు మీద బాంబులు పడ్డ ఏడాది అది. ఊరు ఊరంతా దొరికిన బండెక్కి పల్లెలకి పారిపోయింది. కొట్లన్నిటికీ తలుపుచెక్కలు వేసేశారు. పట్టపగలు మెయిన్ రోడ్డు మీద కుక్క నడిస్తే దాని గోళ్ళ చప్పుడు లోపలికి వినిపించేది. వారాల తరబడి గడప మీద ఒక్క కాలు పడలేదు. మనిషి రాకపోతే కొట్టు ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది నాకు. ఆ భయం ఇప్పటికీ నన్ను వదల్లేదు. నేను చేసిన పాపానికి అదే కారణమని చెప్పి తప్పించుకోను గానీ, మొదలు మాత్రం అక్కడే.

తర్వాత జనం తిరిగొచ్చారు, వ్యాపారం పుంజుకుంది. అంతా బాగుందనుకుంటుండగా మీటరు వచ్చింది. ఇనప కడ్డీ, దాని మీద సర్కారు ముద్ర. నాకన్నా మూడంగుళాలు చిల్లర పొడవు, ఆ మాత్రానికే ఎంత మిడిసిపాటో! ఇకమీదట గజాల్లో కొలిస్తే నేరమన్నారు. సన్యాసిశెట్టిగారు నన్ను పారెయ్యలేక ఆలోచించి ఒక ఏర్పాటు చేశారు. పెళ్ళిబట్టలు కొలిచే కర్రతో చావుగుడ్డ కొలవడం ఆయనకి ఎప్పుడూ మనసొప్పేది కాదు. "శుభానికి మీటరు, అశుభానికి గజం. దీన్ని బల్ల కింద పెట్టరా తవుడూ" అన్నారు.

తవుడు మా కొట్టు గుమస్తా. అతనికి ముందు పుట్టిన ముగ్గురూ దక్కకపోతే, ఇతన్ని చేటెడు తవుడుకి అమ్మి మళ్ళీ కొనుక్కుని ఆ పేరు పెట్టారట. చావుని ఏమార్చడానికి పెట్టిన పేరు. అలాంటివాడి చేతికే చావుగుడ్డ పని పడింది. "సచ్చినోడికి కొత్త కొలత అలవాటుండదు కదేటి" అని నవ్వేవాడు.

దానికో పద్ధతి ఉండేది. కోరాగుడ్డకి కత్తెర తగలకూడదు, చేత్తోనే చింపాలి. బేరం ఆడకూడదు. కాగితంలో చుట్టకూడదు. కొన్నవాళ్ళు "వెళ్ళొస్తాం" అనరు, చావు జరిగిన ఇంట్లోంచి లేచి వెళ్ళినట్టు చెప్పకుండా వెళ్ళిపోతారు. కొట్టువాడు "మళ్ళీ రండి" అనడు. ఏ మాట పొరపాటైనా సర్దుకోవచ్చు గానీ ఆ ఒక్క మాటా నోరు జారకూడదు.

ఇక నా సంగతి. బల్ల కింద చీకటి, బొద్దింకలు, పైన మీటరు కడ్డీ గలగలలు. నెలకోసారో రెండు నెలలకోసారో తవుడు చెయ్యి కిందికొచ్చేది. అప్పుడు వెలుతురు చూసేదాన్ని. మొదట్లో వచ్చినవాళ్ళ ఏడుపు చూసి నాకూ గుండె చెరువయ్యేది. రానురాను అది పోయింది. ఎవరైనా పోతే గానీ నాకు వెలుతురు లేదని అర్థమయ్యాక, ఎవరు పోతారా అని ఎదురుచూడటం మొదలుపెట్టాను. ఛీ అనుకుంటున్నారా? అనుకోండి.

సన్యాసిశెట్టిగారు పోయారు. ఆయన గుడ్డ కూడా నేనే కొలిచాను. కొడుకు నరసయ్య గల్లా దగ్గర కూర్చున్నాడు. మెత్తని మనిషి, వచ్చిన ప్రతివాళ్ళనీ పేరుపెట్టి పలకరించేవాడు.

ఒక ఏడాది దసరా ముందు, మిట్టమధ్యాహ్నం, కొట్టు కిటకిటలాడుతోంది. ఆ జనంలోంచి పోలమ్మ వచ్చింది. జాలరిపేట మనిషి. మొగుడు రేవులో మూటలు మోసేవాడు, పొద్దున గుండె ఆగి పోయాడు. తవుడు నన్ను తీసి ఐదు గజాలు కొలిచి చింపాడు. ఆ చప్పుడుకి పక్కనున్నవాళ్ళు జరిగారు. పోలమ్మ గుడ్డ భుజాన వేసుకుని గుమ్మం వైపు నడిచింది. నరసయ్య చేతులు పెళ్ళివారి మూట కడుతున్నాయి, చూపు ముడి మీద ఉంది. ఎవరో వెళుతున్నారని మాత్రం తెలిసి నోరు దానంతటది అనేసింది.

"మళ్ళీ రండమ్మా."

పోలమ్మ గడప మీద ఒక కాలు పెట్టి ఆగింది. వెనక్కి తిరిగింది. ఆవిడ నోటికి మాత్రం అలవాటు ఉండదూ? "అలగే బావూ" అంది.

అప్పుడు తెలిసింది ఇద్దరికీ. నరసయ్య మొహం పాలిపోయింది. పోలమ్మ గడప దాటి వెళ్ళిపోయింది. జనం కాసేపు గుసగుసలాడి మళ్ళీ బేరాల్లో పడ్డారు.

కానీ ఒక సంగతి ఎవరికీ తెలియదు. నరసయ్య నోటితో మాత్రమే అన్నాడు. బల్ల మీద పడుకుని ఉన్న నేను మనసారా అన్నాను. రా, మళ్ళీ రా, నన్నీ చీకట్లోంచి బయటికి తియ్యి అన్నాను.

నలభై రోజులు తిరక్కుండా వచ్చింది. పెళ్ళికెదిగిన కొడుకు చేపల వేటకి వెళ్ళాడు, పడవ బోర్లా పడింది. గల్లా ముందు నిలబడి, కోపం లేకుండానే అంది: "మీరు రమ్మన్నారు కదా బావూ, వచ్చినాను."

నరసయ్య తల ఎత్తలేదు. తవుడు గుడ్డ వంకరగా చింపాడు. నాకు మాత్రం ఆ మధ్యాహ్నపు ఎండ ఒంటి మీద పడి ఎంత హాయిగా ఉందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆ నెలాఖరులోనే గడప మీద మళ్ళీ ఆవిడ అడుగు పడింది. ఈసారి బరువుగా పడింది. భుజం మీద ఆరేళ్ళ ఆడపిల్ల, నూకరత్నం. పిల్ల ఒళ్ళు కాలిపోతోంది. పెద్దాసుపత్రిలో మందు ఇచ్చారు, ఇక దేవుడి దయ అన్నారు. పోలమ్మ పిల్లని తెల్లదుప్పటి మీద పడుకోబెట్టింది.

"గుడ్డ కోసం రానేదు బావూ. మీ మాట ఎనక్కి తీసుకోండి."

"మాటలో ఏముందమ్మా? అలవాటున అనేశాను."

"నానూ అలవాటునే అలగే అన్నాను. రెండు శవాలు ఎల్లిపోనాయి. ఇదొక్కతే మిగిలింది. రావద్దనండి బావూ. మీ నోటితో ఒక్కసారి రావద్దనండి."

ఇది వినడానికి చిన్న మాటే. కానీ ఆ కొట్టు పుట్టిన దగ్గర్నుంచీ ఆ గడప దగ్గర ఎవరూ అనని మాట. సరుకు లేకపోయినా "లేదు" అనరు, "రేపు రండి" అంటారు. లక్ష్మీదేవి పటం ముందు కూర్చుని, వచ్చిన మనిషిని రావద్దంటే ఇక కొట్టెందుకు? నరసయ్య పటం వైపు చూశాడు. తవుడు "ఒద్దు బావూ" అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. బల్ల కింద నేనేం చేస్తున్నానో చెప్పనా? ఈ పిల్లకి గజమున్నర చాలు అని అప్పుడే కొలిచేసుకున్నాను.

నరసయ్య పరుపు దిగాడు. గడప దాకా వచ్చి రెండు చేతులూ జోడించాడు. "రావద్దమ్మా. నా గడప ఇంకెప్పుడూ తొక్కద్దు" అన్నాడు. మాట స్పష్టంగానే వచ్చింది.

పోలమ్మ కళ్ళు తుడుచుకుంది. "బతికుండగా మీ గడప తొక్కను బావూ" అంది.

అక్కడితో ఆగితే బాగుండేది. నరసయ్యకి ఇంకా తృప్తి కలగలేదు. వెనక్కి వెళ్ళి వంగి, బల్ల కింద నుంచి నన్ను లాగి ఆవిడ చేతిలో పెట్టాడు. "ఇది కూడా పట్టుకుపో. బద్దే లేకపోతే నీకు గుడ్డ కొలిచేవాడే ఉండడు." అయ్యో నరసయ్యా! పీడ విరగడ చేస్తున్నాననుకుని, రమ్మని పిలిచిన నన్నే జ్వరంతో కాలుతున్న పిల్ల పక్కకి పంపాడు.

ఒంటిగది ఇల్లు. పోలమ్మ నన్ను ఎక్కడ పెట్టాలో తెలియక చాప మీద పిల్ల పక్కనే పెట్టింది. మూడు రోజులు ఆ వేడి నా చెక్కలోకి దిగింది. అన్నాళ్ళూ నేను కొలిచింది గుడ్డనే, దాని కింద పడుకునే మనిషిని ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూశాను. పెదాలు పగిలి, ఊపిరి ఎగశ్వాసగా, మూలుగుతూ. పిల్ల చెయ్యి జ్వరంలో నన్నే గట్టిగా పట్టుకుంది. వద్దు తల్లీ, నన్ను వదులు, నేను మంచిదాన్ని కాదు అనుకున్నాను. నా జన్మలో ఒక మనిషి బతకాలని కోరుకోవడం అదే మొదలు.

నాలుగో రోజు పొద్దున చెమట పట్టింది. గంజి అడిగింది. సాయంత్రానికి నా మీదెక్కి గుర్రం ఆడింది. పోలమ్మ పిల్లని గోడకి నిలబెట్టి, పక్కన నన్ను నిలబెట్టి చూసింది. గజం మీద ఆరంగుళాలు. గోడ మీద బొగ్గుతో గీత గీసింది. నిలబడ్డ మనిషిని కొలవడం నాకదే మొదటిసారి.

ఆ వారమే నరసయ్య కొట్టుకి తలుపుచెక్కలు వేసేశాడు, మళ్ళీ తియ్యలేదు. పిల్లని చూడ్డానికి వచ్చి తవుడు చెప్పాడు ఆ సంగతి. "రావద్దన్న నోటితో ఇంకొకర్ని రమ్మనలేనురా" అన్నాడట. వీధిలో మాత్రం వ్యాపారం జగదాంబ సెంటరు వైపు మారిపోయింది, పాపం నిలదొక్కుకోలేకపోయాడు అనుకున్నారు. ఈమధ్య పాత కట్టడాల మీద పుస్తకం రాసే పంతులుగారొకరు ఫోటోలు తీసుకుంటూ అదే రాసుకున్నారు. రాసుకోనివ్వండి.

పోలమ్మ మాట మీద నిలబడింది. మార్కెట్‌కి వెళ్ళాలన్నా ఆ వీధి తప్పించి చుట్టు తిరిగి వెళ్ళేది. కొట్టు మందుల గోడౌన్ అయింది, తర్వాత సైకిలు సామాన్ల కొట్టు, తర్వాత కొన్నేళ్ళు పావురాల పాలు. మొన్నటి కార్తీకంలో పోలమ్మ పోయింది. పోయేముందు కూతురితో చెప్పింది: "ఆ బద్ద ఎక్కడిదక్కడ ఇచ్చేయే. నువ్వు మాత్రం అక్కడ ఆగకు."

నూకరత్నానికి ఇప్పుడు జుట్టు నెరిసింది, మనవలున్నారు. నన్ను పాతచీరలో చుట్టి తీసుకొచ్చింది. పైన సున్నపు కమానులూ సన్యాసిశెట్టిగారి పేరూ అలాగే ఉన్నాయి, లోపల మాత్రం రెడీమేడ్ బట్టల షోరూం. అద్దాల తలుపు దానంతటదే తెరుచుకుంది. పాలరాళ్ళ కింద నా గడప ఇంకా ఉంది. ఆవిడ కాలు పడగానే గడపా నేనూ ఒకేసారి ఉలిక్కిపడ్డాం.

మేనేజరు ముచ్చటపడిపోయాడు. "పాత కాలపుదండీ, కస్టమర్లకి భలే నచ్చుతుంది" అంటూ గోడకి బిగించి, పైన ఒక లైటు పెట్టించాడు. రోజంతా వెలుతురే. ఇప్పుడు నా వెలుతురు కోసం ఎవరూ పోనక్కర్లేదు.

నూకరత్నం గుమ్మం దాటబోతుంటే తలుపు మీది పెట్టెలోంచి ఒక ఆడగొంతు పలికింది. "ధన్యవాదాలు. మళ్ళీ రండి." అప్పుడు తల్లి ఆగినచోటే తనూ ఆగింది. పెట్టెకేసి కాదు, నాకేసి చూసింది. "రాను" అంది. వెళ్ళిపోయింది. ఆ మాటకి నా ప్రాణం ఎంత కుదుటపడిందో!

కానీ కథ అక్కడ అయిపోలేదు. ఆ మర్నాటి నుంచీ రోజూ మిట్టమధ్యాహ్నం, ఎవరూ లేకపోయినా అద్దాల తలుపు తెరుచుకుంటోంది. సెన్సారు పాడైందన్నారు. మెకానిక్ రెండుసార్లొచ్చి, అంతా బాగానే ఉందని చెప్పి వెళ్ళాడు. పాలరాళ్ళ కింద గడప నాకు చెబుతుంది ఎవరొచ్చారో. ఉత్త కాళ్ళు, తడి ఇసుక అంటిన కాళ్ళు. భుజం మీద పిల్ల బరువు లేదు. బతికుండగా తొక్కనన్న మాట నిలబెట్టుకుంది. అంతకుముందు "అలగే" అన్నదీ నిలబెట్టుకుంటోంది.

గుడ్డ అడగదు. వచ్చి నా ముందు నిలబడుతుంది, అంతే. కాసేపటికి తిరిగి నడుస్తుంది. గడప దగ్గర ఆగుతుంది, ఒక మాట కోసం. తలుపు మీది పెట్టె "మళ్ళీ రండి" అంటుంది. వద్దు పోలమ్మా, రావద్దు, ఇక నీ దారిన నువ్వు పో అందామని రోజూ అనుకుంటాను. నరసయ్య అనగలిగిన ఆ మాట నాకు ఈ రోజుకీ రావడం లేదు.