తాడు మీద రోజా చోటు

ఈ పోలీస్‌స్టేషన్ ముందు ఎందుకు కూర్చున్నామని అడుగుతున్నారు కదా? కాలేజీ పిల్లలారా, కంపెనీల్లో ఒళ్ళు హూనం చేసుకునే అన్నలారా, వినండి. పొద్దున నా కళ్ళ ముందే జరిగింది.

పెద్దవల సముద్రంలో ఉంది. అందరం తాడు పట్టి ఒడ్డుకు లాగుతున్నాం. మా రేవులో తాడు పట్టిన ప్రతి మనిషికీ చేపల్లో వాటా. వల సొంతదారు ఓబయ్య వచ్చి, నా ముందున్న రోజా చేతుల్ని తాడు మీంచి లాగిపారేశాడు. ఆమె ఇసుకలో పడింది.

రోజా చేసిన నేరం నిజం చెప్పడం. ట్రాన్స్‌జెండర్ల బతుకుల మీద సర్వే చేసే మెహక్ అనే అమ్మాయి నిన్న వచ్చింది. "మా ఊళ్ళో అట్టాంటోళ్ళు లేరమ్మా" అని ఓబయ్య ఆమెను పంపేయబోయాడు. రోజా అందరి ముందూ లేచింది. "నేనుండా. చీర కట్టినప్పట్నుంచీ నాకు సగం వాటానే ఇస్తా ఉండాడు" అంది.

ఈ పొద్దున ఆమెను తాడు మీంచి లాగేసి, "చీర కట్టినోళ్ళు తాడు ముట్టుకుంటే గంగమ్మకి కోపం" అన్నాడు ఓబయ్య.

చేపలు అమ్మే ఆదిశేషమ్మ గంప దించింది. "సగం వాటాకి లాగినప్పుడు రాలేదే కోపం? అయినా గంగమ్మ కట్టేది ఏంది ఓబయ్యా, పంచా?"

ఓబయ్య పోలీసులకు ఫోన్ చేశాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "తాడు వదిలేద్దాం" అన్నాను.

"వదిలితే వల పోద్ది, కేసు మన మీదేస్తాడు" అన్నాడు మాలో పెద్దవాడు మాల్యాద్రి. "లాగొద్దు, వదలొద్దు. రోజా చెయ్యి తాడు మీద పడిందాకా ఇట్టానే నిలబడదాం."

నిలబడ్డాం. అల లాగినప్పుడల్లా తాడు అరచేతుల్ని కోసింది. ఆ వలలో ఉన్నది మా కూడే. అయినా ఒక్కరూ కదల్లేదు.

జీపు వచ్చింది. ఎస్సై రోజాను జుట్టు పట్టి ఈడ్చాడు. "ఏం కేసు సార్?" అని, రాత్రి ఊళ్ళోనే ఉండిపోయిన మెహక్ అడ్డుపడింది. "నీ సర్వేలో రాసుకో పో" అని ఆమెను తోసేశాడు.

"మాల్యాద్రన్నా, లాగేసుకోండి. నాకోసం పిల్లల్ని పస్తు పెట్టబాకండి" అని జీపులోంచి రోజా ఏడ్చింది.

"మా పిల్లలకి మేం చెప్పుకుంటాంలే. నువ్వు భయపడబాక" అన్నాడు మాల్యాద్రి.

జీపు కదిలింది. ఓబయ్య మెత్తబడ్డాడు. "రెండు వాటాలిస్తా, లాగండ్రా" అని బతిమాలాడు.

ఆదిశేషమ్మ చీర దోపుకుని నా చేతుల్లోంచి తాడు అందుకుంది. ఆమె వెనకే ఊరి ఆడవాళ్ళంతా వచ్చి పట్టుకున్నారు. "తాడు మేం చూసుకుంటాం. మీరు స్టేషన్‌కి పొయ్యి రోజాని తీసుకురాండి" అంది.

అందుకే ఇక్కడున్నాం. రోజా లేకుండా లేవం. అక్కడ ఒడ్డున తాడంతా చీరలవాళ్ళే పట్టుకుని నిలబడ్డారు. ఓబయ్య వాళ్ళను లాగమనీ అనలేడు, వదలమనీ అనలేడు.