గుచ్చుకోని బొంత

ఆ దర్జీ ఇంట్లో ఏటా చలికాలానికి ముందు పాతచీరలతో బొంతలు కుట్టి, ఆసుపత్రిలో పిల్లల వార్డుకు ఇస్తారు. ఇచ్చేముందు ఇంట్లో ఎవరో ఒకరు బొంత కప్పుకుని కునుకు తీయాలి. దారం ముడులు పిల్లలకు గుచ్చుకోకూడదని దర్జీ భార్య పెట్టిన నియమం అది. ఆవిడ పోయి రెండేళ్లయింది.

ఆ మధ్యాహ్నం ముసలి దర్జీ వంతు. కప్పుకోబోతూ ఆగిపోయాడు. బొంత నడుమ భార్య లేతనీలం చీర ముక్క కనిపించింది.

కోడలు నాలుక కరుచుకుంది. "అయ్యో మామయ్యా! పాతచీరల మూటలో కలిసిపోయినట్టుంది, చూసుకోకుండా కత్తిరించేశాను. దీన్ని మనమే ఉంచుకుందాం."

"ముందు పడుకోనివ్వమ్మా. నియమం నియమమే."

కళ్లు మూతపడ్డాయి. గదంతా లేతనీలం నీళ్లలా పరుచుకుంది. ఆ నీళ్ల మధ్య కూర్చుని భార్య సూదిలోకి దారం ఎక్కిస్తోంది.

"ఏమండీ, పరీక్ష చేయమంటే గురక పెడతారేం?"

'దేవుడా, దీన్ని కూడా ఇచ్చేయమంటావా?' అని అడుగుతూనే మేలుకున్నాడు. ఒళ్లంతా వెచ్చగా ఉంది.

"ఇంట్లోనే ఉంచేసుకుందామా మామయ్యా?" కోడలు మెల్లగా అడిగింది.

ఆయన నీలం ముక్కను ఒకసారి చెంపకు ఆనించుకున్నాడు.

"ఎక్కడా గుచ్చుకోలేదమ్మా. మడతపెట్టు, పిల్లలకిద్దాం."