తెల్లగా వదిలిన నీరు

మౌ సూయున్ పడవ అంచు మీదికి వంగి, నీటి తేట కొలిచేందుకు తాడు కట్టిన తెల్లపళ్లేన్ని సరస్సులోకి వదిలింది. అది కంటికి ఆననిచోట తాడు పట్టి కొలత చూసింది. ముప్పై ఎనిమిది సెంటీమీటర్లు. సీసాలో నీళ్లు ముంచుకుని ఒడ్డుకు మళ్లింది.

సరస్సు పరిశోధన కేంద్రంలో నీళ్లు పట్టుకొచ్చే పని ఆమెది. ముప్పై ఒక్క ఏళ్లుగా అదే పని. పొట్టి మనిషి. తాడు ఒరిసి అరచేతులు కాయలు కాచాయి. గోళ్లలో సిరా నలుపు ఎన్నడూ వదల్లేదు. తండ్రి చిత్రపటాలకు వెనక కాగితం అతికించేవాడు. కొండలూ నీళ్లూ గీసేటప్పుడు నీటిని గీయకూడదనీ, కాగితాన్ని తెల్లగా వదిలితే అదే నీరవుతుందనీ ఆయన నేర్పాడు.

సూయున్ ఏటా శరదృతువులో ఒక నిలువు పటం గీసేది. సరస్సు నీళ్లతోనే సిరా నూరేది. పళ్లెం ఎంత లోతు దాకా కనబడితే పటంలో అంతే తెలుపు వదిలేది. మొదటి పటంలో అది ఛాతీ ఎత్తున ఉండేది. ఇప్పుడు మూరెడు కూడా లేదు. మిగతా చోటంతా ఆ నీళ్లలోంచి వడకట్టిన నాచు పూసిన పచ్చదనమే.

ఈ ఏడు పట్టణ కళాభవనంలో ఆ పటాలు వేలాడదీశారు. ఆ పొద్దున ఆమె ఒడ్డు చేరగానే భవనం అధికారి తావ్ అక్కడికి పిలిపించాడు.

"అక్కా, చివరి ఆరూ మరీ పాచి పట్టినట్టున్నాయి. ఈ ఏటిదాన్లో కాస్త తెలుపు వదులు. పైనుంచి పెద్దలొస్తున్నారు."

"పళ్లెం ముప్పై ఎనిమిది దగ్గరే మునిగింది."

"ఇది బొమ్మ. కొలతెవడు చూస్తాడు?"

"నేను చూశాగా."

"అయితే ఆ ఆరూ తీసేస్తాం."

"ముప్పై పటాలూ తీసివ్వు. సరస్సును ముక్కలు చెయ్యలేను."

తోపుడుబండి మీద పటాలన్నీ వేసుకుని సరస్సు కట్ట మీదికి వచ్చింది. జాలరి పాంగ్ సాయంతో వలలు ఆరేసే గుంజలకు వరసగా కట్టింది. ఆ పక్కనే నేల మీద కాగితం పరిచి, పొద్దున తెచ్చిన నీళ్లతో సిరా నూరి, ముప్పై ఒకటోది గీసింది. తెలుపు సరిగ్గా ముప్పై ఎనిమిది.

చేపలు కొనేందుకు వచ్చినవాళ్లు పటాల ముందు ఆగిపోయారు.

"ఇది గీసిన ఏడే మావాడు పుట్టాడు," అన్నాడు పాంగ్ ఒక పటం చూపిస్తూ. "అప్పట్లో వెండిచేప వల చినిగేలా పడేది. ఇదుగో, ఇక్కణ్ణుంచి తగ్గింది."

పాంగ్ భార్య నూడుల్స్ గిన్నె తెచ్చింది. "రెండు ముద్దలు తిను అక్కా. మొహం పాలిపోయింది."

"అక్కడ పెట్టమ్మా. కాస్త కునుకు తీసి తింటా."

స్టూలు మీద కూర్చుని గుంజకు ఆనుకుని కళ్లు మూసుకుంది.

పొద్దు వాలాక తావ్ ఇద్దరు మనుషులతో వచ్చాడు. "ఇవన్నీ దించండి. పెద్దలు ఈ దారినే వస్తారు."

పాంగ్ అడ్డంగా నిలబడ్డాడు. "ఆవిడ నిద్రపోతోంది. లేచాక ఆవిడనే అడుగు."

జనం ఒక్కరూ కదల్లేదు. తావ్ ఆ వరసను మొదటి నుంచి చివరి దాకా చూశాడు. మనుషులను తీసుకుని వెళ్లిపోయాడు.

"పోయార్లే అక్కా," అంటూ పాంగ్ భార్య ఆమె భుజం తట్టింది. భుజం చల్లగా తగిలింది, తల పక్కకు ఒరిగిపోయింది. చెయ్యి వెనక్కి తీసుకుని మొగుడి వైపు చూసింది.

పటాలు దించుదామని ఎవరూ అనలేదు. గాలికి వదులైన ముడులను పాంగ్ ఒక్కొక్కటే బిగించుకుంటూ పోయాడు.

స్టూలు పక్కన గిన్నెలో నూడుల్స్ చారంతా పీల్చుకుని ఉబ్బాయి. అంచు మీద అడ్డంగా పెట్టిన, నూడుల్స్ తినే రెండు పుల్లలూ పొడిపొడిగానే ఉన్నాయి.