నలభై ఒకటో సీసా

మా మేడం పొద్దున పూట డాక్టరు, మధ్యాహ్నం నుంచి సైంటిస్టు. ఒంటిగంట దాకా కింది అంతస్తులో రొమ్ము క్యాన్సర్ రోగులను చూస్తారు. ఆ తర్వాత నాలుగు మెతుకులు నోట్లో వేసుకుని, కోటు మార్చుకుని, పైనున్న మా ల్యాబుకి వస్తారు. ఇన్నేళ్లలో ఈ ఇద్దరూ ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టింది లేదు. ఆ బుధవారం మాత్రం సైంటిస్టు పొద్దున్నే వెళ్లి డాక్టరు కుర్చీలో కూర్చుంది.

ఎదురుగా ఉన్నది టైలరమ్మ. స్కూలు యూనిఫాములు కుడుతుంది. ఏడాది కిందట ఆపరేషన్ చేసి గడ్డ తీసేశారు. అందులో చిన్న ముక్క పరిశోధనకు వాడుకోవచ్చని అప్పుడే సంతకం పెట్టింది. ఆ రోజు చెకప్‌కి వచ్చింది, రిపోర్టులన్నీ బాగున్నాయి. అక్కడితో ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. మా మేడం ముఖం చాటంత చేసుకుని, "ఇంకో మంచి మాటమ్మా! మీ క్యాన్సర్ కణాలు పైన మా ల్యాబులో ఎంత బాగా పెరుగుతున్నాయో!" అన్నారు.

టైలరమ్మ లేచి ఇంటికి వెళ్లిపోయిందట.

మేడం సంబరానికి కారణం లేకపోలేదు. టైలరమ్మది ఉన్న మందులకు ఓ పట్టాన లొంగని రకం క్యాన్సర్. ఆ రకం కణాలను సీసాలో బతికిస్తేనే కొత్త మందులు వాటి మీద వేసి చూడగలం. మూడేళ్లలో నలభై మంది ఇచ్చిన ముక్కలు నలభై సీసాల్లో వేశాం. అన్నీ వారం తిరక్కుండానే చచ్చి ఊరుకున్నాయి. నలభై ఒకటోది టైలరమ్మది. ఆ కణాలు మాత్రం బతికి, పెరిగి, ఇంకొన్ని సీసాలు కూడా నింపాయి. వాటికి తిండి పెట్టేది నేనే. రెండు రోజులకోసారి పాత ద్రవం తీసి కొత్తది పోయాలి. ఆదివారం లేదు, ఒంట్లో బాగోలేదన్న మాట లేదు. మా ఇంట్లో పూలకుండీలన్నీ ఎండిపోయాయి గానీ ఇవి మాత్రం కళకళలాడుతున్నాయి.

శుక్రవారం ఫోనొచ్చింది. సంతకం వెనక్కి తీసుకుంటానంది టైలరమ్మ. అది ఆమె హక్కు. అందుకో కాగితం ఉంది, దాని మీద సంతకం పడ్డ రోజే సీసాలన్నిట్లో బ్లీచు పోసి పారబోయాలి. బతిమాలకూడదు, మొహమాటపెట్టకూడదు. మూడేళ్ల చాకిరీ ఒక్క సంతకంతో సింకు పాలు. మేడం మీద నాకు ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. ఆ నోటికి తాళం వేసుకుంటే ఏం పోయేది?

సోమవారం మధ్యాహ్నం టైలరమ్మ తన ఆడపడుచును వెంటబెట్టుకుని వచ్చింది. పారబోసే ముందు ఒక్కసారి చూస్తానంది. ఇద్దరికీ కోట్లు ఇచ్చాను. తనకిచ్చిన కోటు చంక దగ్గర కుట్టు ఊడిందని టైలరమ్మ మొదట నాకు నాలుగు చీవాట్లు పెట్టింది. ఆ తర్వాతే మైక్రోస్కోపు దగ్గరికి వెళ్లింది.

ఆడపడుచు ఆగలేక ముందు తనే కన్ను పెట్టింది. "ఓస్! వదినా, వీటికా మనం ఏడాదిగా హడలి చస్తోంది? గులకరాళ్లు పరిచినట్టున్నాయి."

"నువ్వు జరగవే," అని టైలరమ్మ కూర్చుంది. చాలాసేపు చూసింది. "వీటికి ఏం పెడతారు?" అని నన్ను అడిగింది.

"చక్కెర, ఉప్పులు, ఇంకా కొన్ని బలానికి. ఒంట్లో ఉన్నంత వెచ్చగా ఉంచుతాం."

"మా ఇంట్లో నన్నెవరూ ఇంత బాగా చూసుకోలేదు."

"అదేంటి వదినా! ఆపరేషనప్పుడు నెల్రోజులు జావ కాచి పోసిందెవరు?" అని ఆడపడుచు మూతి ముడుచుకుంది.

నాకు నవ్వొచ్చింది గానీ టైలరమ్మ నవ్వలేదు. మేడం వైపు తిరిగింది. "గడ్డ తీసేశారు, పీడ విరగడైందనుకున్నాను డాక్టరమ్మా. మీరేమో దాన్ని ఇక్కడ కూర్చోబెట్టి మేపుతున్నారు. ఇది బతికున్నన్నాళ్లూ నాకు కంటి మీద కునుకెలా పడుతుంది?"

"తప్పు నాదేనమ్మా. అలా చెప్పాల్సింది కాదు," అన్నారు మేడం. కాగితం, పెన్నూ బల్ల మీద పెట్టారు.

టైలరమ్మ పెన్ను తీసుకోలేదు. పక్కనే ఉన్న చిన్న గిన్నెను చూపించి, "ఇవీ నావేనా?" అంది.

మీవేనన్నాను. రెండు రోజుల కిందట కొత్త మందు పోసిన గిన్నె అది. మైక్రోస్కోపు కింద పెట్టాను. సగానికి పైగా కణాలు చచ్చి పైకి తేలుతున్నాయి, బతికినవి గిన్నె అడుగుకి అంటుకుని ఉన్నాయి. ఆమె కన్ను పెట్టి చూసింది.

"చచ్చాయి," అంది. మళ్లీ చూసి, "ఇవేంటి, ఇంకా అంటుకునే ఉన్నాయి? ఇవెందుకు చావలేదు?" అంది.

"తెలీదమ్మా. అదే కనుక్కోవాలి."

"నా ఒంట్లో కూడా ఇలా కొన్ని మిగిలుంటాయా?"

ఒక్క చిన్న అబద్ధం ఆడితే పోయేదేముంది అని నా మనసు కొట్టుకుంది. మేడం స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నారు. "పరీక్షల్లో ఏమీ కనపడలేదు. అస్సలు లేవని చెప్పగలిగే పరీక్ష మాత్రం ఇంకా ఎవరి దగ్గరా లేదు."

"ఈ మందు నాకు అందుతుందా?"

"అందుతుందని చెప్పలేను. ముందు ఇక్కడ పని చేయాలి, ఆ తర్వాత మనుషుల మీద ట్రయల్స్. పదేళ్లు పట్టొచ్చు. అసలు రాకపోనూ వచ్చు."

టైలరమ్మ కళ్లు తుడుచుకుని పెన్ను అందుకుంది. బ్లీచు సీసా ఏ అలమరలో ఉందో నాకు తెలుసు, దాని వైపు చూడటానికి మనసు రాలేదు. ఆమె ఏదో కొట్టేసి, ఏదో రాసి, కింద విడివిడి అక్షరాలతో సంతకం చేసి కాగితం మేడం చేతికిచ్చింది.

'నా నమూనాను ధ్వంసం చేయవలసిందిగా కోరుతున్నాను' అని అచ్చు వేసి ఉన్న చోట 'ధ్వంసం చేయ' అన్నది కొట్టేసి, పైన 'పరీక్షించ' అని రాసి ఉంది.

మేడం రెండుసార్లు చదివారు. ఆవిడకు ఎంత సంతోషమొచ్చినా రూల్సు రూల్సే. "అమ్మా, ఇలా కొట్టివేతలుంటే ఈ కాగితం చెల్లదు," అన్నారు.

"చెల్లకూడదనేగా కొట్టేసింది," అంది టైలరమ్మ. "ఆ మిగిలినవి ఎందుకు చావలేదో తేల్చండి. తేలేదాకా పారబోయనివ్వను."

నేను సిగ్గు విడిచి, టైలరమ్మ వేసుకున్న ఆ కుట్టు ఊడిన కోటును పట్టుకుని ఏడ్చేశాను.